నక్షత్రానిదెంత, గాలిదెంత, కెమెరాదెంత: వర్ణపటాలు తీయడంలో నా అనుభవం

నా టెలిస్కోప్ అద్దం వ్యాసం 150 మిల్లీమీటర్లు. ఆకాశం చూసే అలవాటున్న చాలామంది దగ్గర ఇంతకన్నా పెద్దవే ఉంటాయి. ఆ చిన్న అద్దంతోనే, ఆర్ద్రా నక్షత్రం పైపొరల్లో టైటానియం ఆక్సైడ్ ఉందని నాకు నేనుగా చూసుకున్నాను. ఆ సంగతి పుస్తకాల్లో ఎప్పటినుంచో చదువుతున్నదే. కానీ మనం తీసిన గ్రాఫ్‌లో 705 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం (ముదురు ఎరుపు రంగు ఉండే చోటు) దాటగానే గీత ఒక్కసారిగా కిందికి జారిపోవడం చూస్తే కలిగే ఆనందం వేరు. వందల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నక్షత్రం గురించి ఎవరో చెప్పింది నమ్మడం కాదు అది, మనమే రుజువు చూసుకోవడం.

అంతకుముందు నేను ఫొటోలే తీసేవాణ్ణి. చంద్రుడు, శని, ఓరియన్ నెబ్యులా, అందరూ తీసేవే. ఫొటో ఒక వస్తువు ఎక్కడుందో, ఎంత వెలుగుతోందో, ఏ ఆకారంలో ఉందో చెబుతుంది. అది దేనితో తయారైంది, ఎంత వేడిగా ఉంది, మనవైపు వస్తోందా దూరంగా పోతోందా అన్నవి మాత్రం వర్ణపటమే (కాంతిని రంగులుగా విడదీసిన పట్టీ) చెప్పాలి. 1835లో ఆగస్ట్ కోంట్ అనే ఫ్రెంచి తత్వవేత్త, నక్షత్రాల రసాయన నిర్మాణం మనిషికి ఎప్పటికీ తెలియదని రాశాడు. పాతికేళ్లు గడవకముందే, 1859లో జర్మన్ శాస్త్రవేత్తలు కిర్కాఫ్, బున్సెన్ కలిసి ప్రతి మూలకానికీ తనదైన రేఖలుంటాయని నిరూపించారు. సూర్యకాంతిలోని నల్లగీతలకు అర్థం అప్పుడే తెలిసింది. ఆ దారిలో నేనూ నాలుగు అడుగులు వేయాలనిపించింది.

మొదలుపెట్టింది టెలిస్కోప్‌తో కాదు, పాత డీవీడీ ముక్కతో. డీవీడీ మీద వరసల మధ్య దూరం 0.74 మైక్రాన్లు, సీడీలో అయితే 1.6 మైక్రాన్లు. అంత సన్నటి వరసల మీద పడ్డ కాంతి రంగులుగా విడిపోతుంది. ఒక అట్టపెట్టెకి ఒక పక్కన రెండు బ్లేడు అంచులు దగ్గరగా అతికించి సన్నటి చీలిక చేశాను. దానికి ఎదురుగా డీవీడీ ముక్కను ఏటవాలుగా పెట్టి, చూడటానికి ఒక రంధ్రం. దీన్ని సీఎఫ్ఎల్ బల్బు వైపు తిప్పితే ఇంద్రధనుస్సులా కలిసిపోయిన రంగులు కనిపించవు, విడివిడిగా గీతలు కనిపిస్తాయి. 546.1 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చ గీత, 435.8 దగ్గర నీలి ఊదా గీత, రెండూ పాదరసానివి. అదే పెట్టెను పగటిపూట తెల్లటి మబ్బు వైపు తిప్పితే రంగుల మధ్య సన్నని నల్లగీతలు. 1814లో ఫ్రాన్‌హోఫర్ శ్రద్ధగా ఒక్కొక్కటే గుర్తించి పేర్లు పెట్టిన గీతలు అవే. మబ్బు వైపు తిప్పాలని ఎందుకన్నానంటే, సూర్యుడి వైపు దీన్ని ఎప్పుడూ తిప్పకూడదు. కన్ను పోతుంది.

ఈ పెట్టె వల్ల నాకు బాగా పట్టుబడిన విషయం చీలిక అవసరం. చీలిక ఎంత సన్నగా ఉంటే గీత అంత సన్నగా పడుతుంది. వెడల్పయితే గీతలు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి. నక్షత్రం దగ్గర ఈ ఇబ్బంది లేదు. టెలిస్కోప్‌లో అది చుక్కే, తనకు తానే చీలిక. అందుకే కొత్తవాళ్లు చీలిక లేకుండా, కేవలం ఒక గ్రేటింగ్‌తో (సన్నటి గీతలతో కాంతిని రంగులుగా విడదీసే గాజు) మొదలుపెట్టగలుగుతున్నారు.

నేను తీసుకున్నది స్టార్ అనలైజర్ 100. చూడటానికి మామూలు 1.25 అంగుళాల ఫిల్టర్‌లాగే ఉంటుంది, కెమెరా ముక్కుకు మర బిగిస్తే చాలు. లోపలి గాజు మీద మిల్లీమీటరుకు 100 గీతలుంటాయి. మామూలు గ్రేటింగ్ కాంతిని రెండు పక్కలకీ పంచేస్తుంది. దీని గీతలను ఒకవైపు వాలుగా చెక్కారు కాబట్టి ఎక్కువ వెలుగు ఒకే పక్కకు వెళుతుంది. మసక నక్షత్రాల దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది.

బిగించే ముందు చిన్న లెక్క వేసుకోవడం మంచిది. గ్రేటింగ్‌కీ కెమెరా సెన్సర్‌కీ మధ్య దూరం పెరిగే కొద్దీ రంగుల పట్టీ పొడుగవుతుంది. నా అమరికలో ఆ దూరం 50 మిల్లీమీటర్లు. కెమెరా పిక్సెల్ సైజు 3.75 మైక్రాన్లు. లెక్క కడితే ఒక్కో పిక్సెల్‌కు 0.75 నానోమీటర్లు వస్తుంది. సెన్సర్ వెడల్పు 1280 పిక్సెళ్లు కాబట్టి ఒక చివర నక్షత్రం చుక్క, దాని పక్కన 750 నానోమీటర్లు దాటేదాకా పట్టీ, రెండూ ఒకే ఫ్రేములో సరిపోతాయి. దూరం మరీ పెంచితే పట్టీ సెన్సర్ దాటిపోతుంది, వెలుగు కూడా పలచబడుతుంది. ఈ లెక్కకు కాగితం, పెన్ను చాలు.

మొదటి లక్ష్యంగా వేగాను పెట్టుకున్నాను, మన అభిజిత్. అనుభవం ఉన్నవాళ్లెవరైనా ముందు ఇదే చూడమంటారు. నక్షత్రాలకు వేడిని బట్టి చేసిన వర్గాల్లో ఏ (A) అనే వర్గపు తెల్ల నక్షత్రాల్లో హైడ్రోజన్ రేఖలు లోతుగా, వెడల్పుగా ఉంటాయి. వేరే రేఖలు పెద్దగా అడ్డురావు. తెర మీద ఎడమవైపు మెరిసే చుక్క, కుడివైపు సన్నటి పొడుగాటి పట్టీ. ఆ చుక్కను జీరో ఆర్డర్ అంటారు, అంటే గ్రేటింగ్‌లో ఏ వంపూ తిరగకుండా వచ్చిన కాంతి. పట్టీ అడ్డంగా, పిక్సెళ్ల వరసకు సమాంతరంగా వచ్చేదాకా గ్రేటింగ్‌ను మెల్లగా తిప్పుకోవాలి. ఏటవాలుగా ఉంటే తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తిప్పొచ్చు గానీ, ముందే సరిచేసుకుంటే డేటా శుభ్రంగా ఉంటుంది.

అసలు పని ఫోకస్ దగ్గర ఉంది. చుక్కను సూదిమొనలా చేస్తే ఫోకస్ కుదిరిందనుకోవడం ఎవరికైనా సహజం. ఈ అమరికలో అలా కుదరదు. గ్రేటింగ్ కాంతిని వంచుతుంది కాబట్టి చుక్కకు ఒక చోట ఫోకస్ కుదిరితే, పట్టీకి ఇంకోచోట కుదురుతుంది. పట్టీలో కూడా నీలం ఒకచోట, ఎరుపు ఇంకోచోట. చుక్కను వదిలేసి పట్టీ మీదే దృష్టి పెట్టాలి. వేగా పట్టీని తెర మీద బాగా పెద్దది చేసి, ఫోకసర్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ ఉంటే, ఏమీ లేని తెల్లటి పట్టీలో ముందు 486 దగ్గర ఒక హైడ్రోజన్ నీడ పడుతుంది. ఇంకొంచెం తిప్పితే దాని ఎడమన రెండోది, 434. ఆ తర్వాత 410. మూడూ ఒకదానికన్నా ఒకటి దగ్గరగా జరుగుతూ కనిపిస్తాయి. హైడ్రోజన్ రేఖలు ఎక్కడ పడతాయో చెప్పే బామర్ సూత్రంలో n విలువ పెరిగేకొద్దీ రేఖలు ఎందుకు దగ్గరవుతాయో చదువుకునే రోజుల్లో బోర్డు మీద చూశాను. ఇప్పుడు అదే లెక్కను ఒక నక్షత్రం నా ముందు గీసి చూపిస్తోంది. చాలాసేపు ఫోకసర్ మీంచి చెయ్యి తీయలేకపోయాను.

ఎక్స్‌పోజర్ విషయంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే, పట్టీలో ఏ పిక్సెలూ తెల్లగా నిండిపోకూడదు. నిండిపోయిన చోట సమాచారం పోయినట్టే. వేగా లాంటి నక్షత్రానికి సెకనులో చిన్న భాగం చాలు, అలాంటి ఫ్రేములు చాలా తీసి సగటు కట్టాలి. గాలి కదలికల వల్ల వచ్చే వణుకు అందులో సర్దుకుంటుంది. చుక్క నిండిపోయినా ఫరవాలేదు గానీ, దాని కేంద్రం కచ్చితంగా కావాలనుకుంటే అదీ నిండకుండా ఒక చిన్న ఎక్స్‌పోజర్ విడిగా తీసుకోవాలి. బ్లాక్ అండ్ వైట్ కెమెరా అయితే మేలు. కలర్ కెమెరాతో కూడా పని నడుస్తుంది, కాకపోతే మామూలు డీఎస్ఎల్ఆర్‌ల లోపలి ఫిల్టర్ 656 దగ్గర ఎరుపును బాగా కోసేస్తుంది. ఈ పనికి చీకటి ఆకాశం తప్పనిసరి కాదు. వెలుగుతున్న ఊళ్లోంచి, పున్నమి రాత్రి కూడా ప్రకాశవంతమైన నక్షత్రాల వర్ణపటాలు నిక్షేపంగా తీసుకోవచ్చు. ఫొటోలు తీసేవాళ్లు మబ్బు మొహం వేసుకునే రాత్రులు నాకు పనిరాత్రులయ్యాయి.

పట్టీ నుంచి గ్రాఫ్ తీయడానికి సాఫ్ట్‌వేర్ కావాలి. కొత్తవాళ్లకు ఆర్‌స్పెక్ తేలిక. క్రిస్టియన్ బుయిల్ రాసిన ఐసిస్, వాలెరీ దెనూ రాసిన విజువల్ స్పెక్ ఉచితంగా దొరుకుతాయి. ఏది వాడినా పని ఒకటే: పట్టీలో ప్రతి నిలువు వరసలోని వెలుగును కూడి, పట్టీకి పైనా కిందా ఉన్న ఆకాశపు వెలుగును తీసేసి, ఒక్కో పిక్సెల్‌కు ఒక సంఖ్య ఇవ్వడం. ఇక్కడిదాకా వచ్చినది గ్రాఫ్ కాదు, ఎగుడుదిగుడు గీత మాత్రమే. అడ్డంగా ఉన్నవి ఇంకా పిక్సెళ్లే, తరంగదైర్ఘ్యాలు కావు.

కాలిబ్రేషన్ అంటే ఈ పిక్సెళ్లకు తరంగదైర్ఘ్యాలు రాయడం. నా ఫ్రేములో జీరో ఆర్డర్ చుక్క 112వ పిక్సెల్ దగ్గర ఉంది. హైడ్రోజన్ బీటా (486 దగ్గరి రేఖ) లోయ అడుగు 760వ పిక్సెల్ దగ్గర. మధ్య దూరం 648. చుక్క దగ్గర సున్నా, లోయ దగ్గర 486.1 అనుకుంటే పిక్సెల్‌కు 0.75 నానోమీటర్లు. బిగించే ముందు కాగితం మీద వేసిన లెక్క ఇక్కడ మళ్లీ ఎదురైంది. అలాగని ఇది సరైనదేనని నమ్మేయకూడదు, పరీక్ష పెట్టాలి. ఇదే లెక్కన హైడ్రోజన్ గామా (434 రేఖ) 691వ పిక్సెల్ దగ్గర, ఆల్ఫా (656.3 రేఖ) 987 దగ్గర పడాలి. వెళ్లి చూస్తే అక్కడ లోయలున్నాయి. ఒక పిక్సెల్ అటూ ఇటూ, అంతే. అప్పటిదాకా లోపల ఉన్న టెన్షన్ పోయింది. నేను గీసుకున్న స్కేలును నక్షత్రమే ఒప్పుకున్నట్టు.

స్కేలు కుదిరాక మిగతా గీతల వైపు చూశాను. వేగాలో హైడ్రోజన్ తప్ప పెద్దగా ఏమీ ఉండకూడదు. మరి 687 దగ్గర ఒక నొక్కు, 760 దగ్గర అంతకన్నా లోతైన గాడి ఎక్కడివి? అవి వేగావి కావు. పాతికేళ్లు ప్రయాణం చేసి వచ్చిన కాంతి చివరి క్షణాల్లో మన గాలిలోంచి దిగుతున్నప్పుడు ఆక్సిజన్ అణువులు తీసుకున్న వాటా అది. ఫ్రాన్‌హోఫర్ సూర్యకాంతిలో ఏ, బీ అని పేర్లు పెట్టిన గీతలు ఇవే. తర్వాత ఏ నక్షత్రాన్ని తీసినా ఆ రెండూ అదే చోట హాజరవుతాయి. నేను వాటిని విసుక్కోలేదు, కాపలాదారుల్లా పెట్టుకున్నాను. ఏ కొత్త వర్ణపటంలోనైనా 760 గాడి తన చోట లేకపోతే నా స్కేలు జరిగిందని అర్థం. హైడ్రోజన్ రేఖలు కనిపించని ఎర్ర నక్షత్రాల దగ్గర దీని విలువ బాగా తెలిసొచ్చింది.

ఇక మూడో వాటా కెమెరాది. వేగా నీలి ఛాయ ఉన్న తెల్ల నక్షత్రం, దాని కాంతి నీలం వైపు పోయేకొద్దీ పెరగాలి. నా గ్రాఫ్ మాత్రం ఆకుపచ్చ దగ్గర గుట్టలా లేచి రెండు పక్కలా వాలిపోతోంది. ఆ గుట్ట సెన్సర్‌ది. సెన్సర్ అన్ని రంగులనూ సమానంగా పట్టదు. గ్రేటింగ్, అద్దం పూత, గాలి కూడా తలా కొంత తింటాయి. దీన్ని సరిచేయడానికి అదే వర్గపు నక్షత్రం అసలు వర్ణపటాన్ని ప్రామాణికంగా తీసుకుంటారు. 1998లో పికిల్స్ ప్రచురించిన వర్ణపటాల సంపుటి ఇందుకు అందరూ వాడేది. నా గ్రాఫ్‌ను ప్రామాణిక గ్రాఫ్‌తో భాగించి, వచ్చిన దాన్ని నున్నగా చేస్తే అది నా పరికరం స్వభావం. ఆ తర్వాత తీసే ప్రతి నక్షత్రాన్నీ దీనితో భాగించుకోవాలి. నక్షత్రం దిక్చక్రానికి దగ్గరగా ఉన్నప్పుడు గాలి నీలాన్ని ఎక్కువ తినేస్తుంది కాబట్టి, ప్రామాణిక నక్షత్రాన్ని కూడా దాదాపు అదే ఎత్తులో తీయాలి. ఈ పని చాలామందికి విసుగ్గా అనిపిస్తుంది. నాకు మాత్రం ఈ విద్యలో ప్రాణం ఇక్కడే ఉందనిపిస్తుంది. గ్రాఫ్‌లో ఏది నక్షత్రానిదో, ఏది గాలిదో, ఏది కెమెరాదో విడదీయడం రాకపోతే మిగతాదంతా ఊహే.

కాబట్టి చాలా రాత్రులు నేను వేగాను వదలలేదు. కొత్త నక్షత్రాల మీదికి మనసు లాగుతున్నా, ఆ ఒక్క గ్రాఫ్ ప్రతిసారీ ఒకేలా వచ్చేదాకా అక్కడే ఉన్నాను. కొత్తగా మొదలుపెట్టే ఎవరికైనా నేను గట్టిగా చెప్పేది కూడా ఇదే.

ఆ తర్వాత దారి తెరుచుకుంది. చిత్ర, వేగా, శ్రవణం, ప్రోసియాన్, స్వాతి, రోహిణి, ఆర్ద్ర. ఈ గ్రాఫ్‌లను వేడి తగ్గే వరసలో ఒకదాని కింద ఒకటి పేర్చి చూస్తే, బీ, ఏ, ఎఫ్, కే, ఎం వర్గాలు కళ్లముందు నిలబడతాయి. హైడ్రోజన్ లోయలు చిత్రలో పలచగా ఉంటాయి, వేగాలో బాగా లోతుగా ఉంటాయి, శ్రవణం నుంచి తగ్గుతూ రోహిణి దగ్గరికొచ్చేసరికి నా పరికరానికి అందనంత చిన్నవైపోతాయి. రోహిణిలో హైడ్రోజన్ తక్కువని దీని అర్థం కాదు. 1920లో మేఘనాథ్ సాహా ఇచ్చిన అయనీకరణ సమీకరణం ఈ ముడి విప్పింది. బామర్ రేఖ పడాలంటే హైడ్రోజన్ పరమాణువులోని ఎలక్ట్రాన్ ముందే రెండో మెట్టు మీద ఉండాలి. దాదాపు 10 వేల డిగ్రీల దగ్గర అలాంటి పరమాణువులు ఎక్కువ. చల్లని నక్షత్రంలో ఎలక్ట్రాన్లు కింది మెట్టు మీదే ఉండిపోతాయి, మరీ వేడి నక్షత్రంలో పరమాణువును వదిలే వెళ్లిపోతాయి. ఆ సమీకరణాన్ని వాడుకునే 1925లో సిసిలియా పేన్, నక్షత్రాలన్నీ ప్రధానంగా హైడ్రోజనేనని తేల్చింది. గీత లోతును పదార్థం పాలుగా చదవకూడదన్న పాఠం ఆ వరసలో పేర్చిన గ్రాఫ్‌లే నేర్పాయి నాకు.

చల్లని నక్షత్రాల్లో సన్నని రేఖల బదులు వెడల్పాటి పట్టీలు వస్తాయి, ఎందుకంటే అక్కడ అణువులు బతకగలవు. నాకు బాగా నచ్చిన పోలిక ఒకటుంది. ఆర్ద్రలో 516.7 దగ్గర టైటానియం ఆక్సైడ్ పట్టీ మొదలవుతుంది. వై కేనమ్ వెనాటికోరం అనే కార్బన్ నక్షత్రంలో దాదాపు అదే చోట, 516.5 దగ్గర, రెండు కార్బన్ పరమాణువుల అణువు పట్టీ ఉంటుంది. గాడి చోటొక్కటే చూస్తే రెండూ ఒకటే అనుకుంటాం. ఆకారం చూస్తే తేడా తెలుస్తుంది. నీలం వైపు నుంచి ఎరుపు వైపు నడుచుకుంటూ వెళితే, ఆర్ద్ర గ్రాఫ్ ఆ చోట ఉన్నట్టుండి పడిపోయి, తర్వాత మెల్లగా పైకెక్కుతుంది. కార్బన్ నక్షత్రం గ్రాఫ్ మెల్లగా దిగుతూ వచ్చి, అదే చోట ఒక్కసారిగా పైకి లేస్తుంది. అంచు ఎటు తిరిగి ఉందో చూసి అణువు పేరు చెప్పొచ్చు. ఇంత తేలికపాటి గ్రేటింగ్ ఇంత సూక్ష్మమైన తేడాను చూపించగలదని నేను అనుకోలేదు.

లోయలు అలవాటయ్యాక శిఖరాల వేట మొదలైంది. కాసియోపియా నక్షత్రరాశిలో నడిమి నక్షత్రం గామా. వేగాలో లోయ ఉన్న 656.3 దగ్గర దీనికి శిఖరం ఉంటుంది. చాలా వేగంగా తిరిగే ఈ వేడి నక్షత్రం చుట్టూ తను విసిరిన వాయువు పళ్లెంలా ఉండి వెలుగుతుంది. 1866లో సెక్కి అనే ఇటలీ మతాచార్యుడు దీనిలో ఉద్గార రేఖ (నల్లగా కాక మెరిసే గీత) చూసి ఆశ్చర్యపోయాడు. బీఈ నక్షత్రాలని పిలిచే ఈ రకంలో అది మొట్టమొదటిది. ఈ పళ్లేలు స్థిరంగా ఉండవు. అనురాధ నక్షత్రాల్లోని డెల్టా స్కార్పియై మామూలు నక్షత్రంలా ఉంటూ 2000లో ఉన్నట్టుండి ప్రకాశం పెంచుకుంది. దాన్ని ముందు కనిపెట్టింది అర్జెంటీనాలో సెబాస్టియన్ ఒటేరో అనే పరిశీలకుడు, అదీ ఉత్త కంటితో. ఇలాంటివాటిని ఏళ్ల తరబడి కాపుకాయడానికి పెద్ద టెలిస్కోపుల దగ్గర సమయం ఉండదు. అందుకే పారిస్ అబ్జర్వేటరీ నడిపే బెస్ అనే డేటాబేస్‌లో అమెచ్యూర్లు తీసిన వర్ణపటాలకు గౌరవమైన చోటుంది.

పీ సిగ్నై మరో ఇష్టమైన నక్షత్రం. దీని గ్రాఫ్‌లో పెద్ద హైడ్రోజన్ శిఖరం పక్కన, 587.6 దగ్గర, ఒక చిన్న గుట్ట ఉంది. అది హీలియం. ఈ గీతకు పెద్ద చరిత్ర ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఖగోళ శాస్త్రవేత్తలు జాన్సెన్ గుంటూరులో, పాగ్సన్ మచిలీపట్నంలో స్పెక్ట్రోస్కోపులు పెట్టుకుని కూర్చున్నారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగులో ఒక పసుపు గీత కనిపించింది. సోడియం గీతలకు దగ్గరగా ఉన్నా సోడియంది కాదు. అదే ఏడాది అక్టోబరులో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త గ్రహణం లేకుండానే ఇంగ్లండులో దాన్ని చూశాడు. ఆ మూలకాన్ని భూమి మీద రసాయన శాస్త్రవేత్త రామ్సే పట్టుకునేసరికి 1895 వచ్చింది. ఒక మూలకం భూమి మీద కన్నా ముందు సూర్యుడిలో దొరకడం, ఆ కథ గుంటూరు ఆకాశం కింద మొదలవడం, అదే గీత నా 150 మిల్లీమీటర్ల అద్దంలో ఇంకో నక్షత్రంలోంచి లేచి నిలబడటం. ఆ గుట్ట మీద కర్సర్ పెట్టి 587 అన్న అంకె చూసుకుని ఎంత సంతోషించానో చెప్పలేను.

దీని హద్దులు కూడా చెప్పాలి. గాలి కదలికల వల్ల చుక్క ఉబ్బినంత మేర ప్రతి గీతా ఉబ్బుతుంది. నా అమరికలో విడదీయగలిగే కనీస తేడా రెండు మూడు నానోమీటర్లు. సోడియం జంట గీతల మధ్య దూరం 0.6 మాత్రమే, అవి ఒకటిగానే కనిపిస్తాయి. సెకనుకు 100 కిలోమీటర్ల వేగం కూడా హైడ్రోజన్ ఆల్ఫాను 0.22 నానోమీటర్లే జరుపుతుంది, కాబట్టి మామూలు నక్షత్రాల వేగాలు కొలవడం దీనితో కాని పని. నెబ్యులాల్లాంటి పరుచుకున్న వాటికి కూడా ఇది నప్పదు. వాటికి చీలిక ఉన్న స్పెక్ట్రోగ్రాఫ్ కావాలి. ఆల్పి 600 లాంటివి తయారుగా దొరుకుతాయి. లోస్పెక్, స్టార్‌ఎక్స్ లాంటివాటి డిజైన్లు తీసుకుని త్రీడీ ప్రింట్ చేసుకునేవాళ్లూ ఉన్నారు. అందులో నక్షత్రాన్ని కొన్ని మైక్రాన్ల చీలిక మీద నిలబెట్టాలి, గైడింగ్ (నక్షత్రం కదలికను టెలిస్కోప్ వెంటాడటం) బాగుండాలి, నియాన్ దీపంతో కాలిబ్రేట్ చేయాలి. అది వేరే సాధన. స్టార్ అనలైజర్‌లో చేతనైనంత చేశాకే అటు వెళ్లాలని నిర్ణయించుకున్నాను, ఎందుకంటే కొన్ని వేగాలు ఈ చిన్న గ్రేటింగ్‌కు కూడా అందేంత పెద్దవి.

1ఏ (Ia) రకం సూపర్నోవాలో, అంటే పేలిపోతున్న నక్షత్రంలో, సిలికాన్ గీత 635.5 దగ్గర ఉండాల్సింది 615 దగ్గరికి జరిగి కనిపిస్తుంది. పదార్థం మనవైపు సెకనుకు దాదాపు పదివేల కిలోమీటర్ల వేగంతో దూసుకొస్తోందన్నమాట. నేను మాత్రం అంతకంటే దూరమైనదాని మీద మనసుపడ్డాను. కన్యారాశిలో 3సీ 273 అనే క్వేజార్, అంటే చాలా దూరపు గెలాక్సీ నడిబొడ్డున మెరిసే కేంద్రం. దాని మాగ్నిట్యూడ్ (అంకె పెరిగేకొద్దీ మసకబారే ప్రకాశపు కొలత) 12.9, నా అద్దానికి దాదాపు చివరి మెట్టు. చుక్కలా ఉంటుంది కాబట్టి చీలిక అక్కర్లేదు. పక్క నక్షత్రాల పట్టీలు దాని పట్టీ మీద పడకుండా కెమెరాను, గ్రేటింగ్‌ను కలిపి తిప్పి ఒక మంచి కోణం వెతుక్కోవాలి. ఎక్స్‌పోజర్లు పొడుగ్గా తీసి, డార్క్ ఫ్రేములను (మూత పెట్టి తీసిన, కెమెరా సొంత మరకలు చూపే ఫ్రేములు) తీసేసి, చాలా ఫ్రేములు కలపాలి. ఒక్కో ఫ్రేములో పట్టీ ఉందో లేదో అన్నట్టుంటుంది. కలిపే కొద్దీ తేలుతుంది.

చివరికి వచ్చిన గ్రాఫ్ గరుగ్గా ఉంది. అయినా 563 దగ్గర వెడల్పాటి గుట్ట ఒకటి స్పష్టంగా లేచింది. ఏ మూలకానికీ అక్కడ అంత పెద్ద గీత ఉండకూడదు. అది 486.1 దగ్గర ఉండాల్సిన హైడ్రోజన్ బీటా. 563ని 486.1తో భాగిస్తే 1.158. అంటే ఎర్రమార్పు (కాంతి ఎరుపు వైపు జరిగిన పాలు) 0.158. 1963లో మార్టెన్ ష్మిత్ అనే ఖగోళ శాస్త్రవేత్త పాలొమార్ 200 అంగుళాల టెలిస్కోపు వర్ణపటంలో చదివి, క్వేజార్లు ఎంత దూరంలో ఉన్నాయో ప్రపంచానికి చెప్పిన అంకె అదే. ఆ కాంతి బయల్దేరి దాదాపు 200 కోట్ల ఏళ్లయింది.

ఇప్పుడు నేను పట్టుకున్న పని దాని హైడ్రోజన్ ఆల్ఫా. 656.3ని 1.158తో గుణిస్తే 760. సరిగ్గా మన గాలిలోని ఆక్సిజన్ గాడి ఉన్న చోటే. క్వేజార్ లేపిన గుట్టను గాలి అక్కడే తవ్వేస్తోంది, నా గ్రాఫ్‌లో ఆ శిఖరం తల నలిగి కనిపిస్తోంది. సెన్సర్ కూడా ఆ ఎరుపు దగ్గరికొచ్చేసరికి నీరసపడుతుంది. గాడి ఎవరిదో, గుట్ట ఎవరిదో విడదీయాలంటే క్వేజార్‌కు దగ్గరలో, అదే ఎత్తులో ఉన్న ఏ-వర్గపు నక్షత్రాన్ని అదే రాత్రి తీసి, దానిలో 760 గాడి ఎంత లోతుందో కొలిచి, క్వేజార్ గ్రాఫ్‌ను దానితో భాగించాలి. కన్యారాశి మళ్లీ నడినెత్తికి వచ్చే నెలల కోసం అలాంటి నక్షత్రాన్ని ఇప్పటికే ఎంచి పెట్టుకున్నాను.